అడక్కుండా పుట్టిన ఫోల్డర్

కోటబొమ్మాళి స్టేషన్లో పాసింజర్ ఆగింది. అప్పలసూరి దిగి, సంచి భుజాన వేసుకుని రెండడుగులు వేశాడు. మూడో అడుగు పడలేదు. పిస్టల్‌కి సైలెన్సర్ ఉంది. వడదెబ్బేమో అనుకుని పక్కవాళ్ళు నీళ్ళు చల్లారు. చొక్కా ఎర్రబడ్డాక పరుగెత్తారు.

మర్నాడు ఉదయం పదకొండు దాటింది. ఏజెంట్ ఉమాపతి విజయనగరం నుంచి రామతీర్థం వైపు స్కూటర్ తోలుతున్నాడు. వేషం గ్యాస్ స్టవ్ రిపేరువాడిది. హెల్మెట్‌లో దాచిన ఇయర్‌పీస్‌లో చీఫ్ తిరుమలరావు గొంతు.

"అప్పలసూరి అడ్రస్ లీక్ చేసింది మనిషి కాదు, లాప్‌టాప్. మొన్న వీడియో కాల్లో కోర్టుకి సగం సాక్ష్యం చెప్పాడు కదా, ఆ సాఫ్ట్‌వేర్ నకిలీది. కాల్ మొదలవగానే డాక్యుమెంట్స్‌లో 'కాల్‌డేటా' అని ఫోల్డర్ పెడుతుంది. మాట, ముఖం, ఇంటి లొకేషన్ అందులో పోగేస్తుంది. సరిగ్గా అరగంటకి ముఠాకి పంపేస్తుంది. ఆ ఇంటినుంచే అప్పలసూరి వెంటపడ్డారు."

"రెండో సాక్షి జగ్గమ్మ?"

"అదే సాఫ్ట్‌వేర్. కాల్ పదకొండుకే మొదలైంది."

"ఆపించండి సార్."

"ఆఖరి వాయిదా. కాల్ తెగితే కేసు కొట్టేస్తారు. ముఠా కారు రామతీర్థంలోనే తిరుగుతోంది. ఏ ఇల్లో వాళ్ళకి తెలియదు, అంతే. మన బలగం చేరేసరికి పన్నెండు."

జగ్గమ్మ చేపలమ్ముకునే మనిషి. తీరంలో ఇసుక తోడి, అందులోని అణు ఖనిజాన్ని విదేశీ ఓడకెక్కించే ముఠాని కళ్ళారా చూసింది. చూసినవాళ్ళు ఇద్దరు. ఇప్పుడు ఒక్కతే.

ఇల్లు దొరికింది. తలుపు తట్టి గుర్తుమాట అడిగాడు. "పొయ్యి నీలంగా మండుతోందా?"

"నేదు, ఎర్రగా మండతన్నాది," లోపలినుంచి జవాబు. తలుపు తీసింది కూర్మమ్మ. ఆ ఇంటామె. రోజూ బస్సులో విజయనగరం కూరగాయలు మోసే మనిషి.

గదిలో లాప్‌టాప్ ముందు జగ్గమ్మ. తెరమీద లాయర్ ప్రశ్నలు. ఉమాపతి కెమెరాకి దొరక్కుండా నేలమీద కూర్చుని మౌస్ అందుకున్నాడు. డాక్యుమెంట్స్ తెరిచాడు. తెర మూలలో చిన్న కిటికీ. అందులో 'కాల్‌డేటా.' క్షణక్షణానికీ లావెక్కుతోంది.

మన పెరట్లో ఎవడో అడక్కుండా పాక వేస్తే కర్ర తీస్తాం. మన డాక్యుమెంట్స్‌లో ఎవడో అడక్కుండా ఫోల్డర్ పెడితే పోనీలే అంటాం. ఆ పోనీలేకే అప్పలసూరి చచ్చాడు.

డిలీట్ కొట్టాడు. పోయింది. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ వచ్చింది, అప్పటిదాకా పోగేసిందంతా మళ్ళీ మింగింది.

పదకొండూ ఇరవై రెండు. టెక్నికల్ డెస్క్‌కి వీడియో కాల్ చేశాడు. సింధు ఎత్తింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, వెనకాల విజయనగరం హోటల్ గది. బ్యూరోలో ఆమె నవ్వుకి పడనివాడు లేడు.

"డిలీట్ చేస్తూనే ఉండు ఉమా, అలిసిపోయి ఆగుతుంది," అని నవ్వింది. "ఇంతకీ ఏ ఇల్లు? వీధి పేరు చెప్పు, ఇక్కణ్ణుంచే చూస్తా."

ఫోల్డర్ తీయడానికి వీధి పేరెందుకు? ఉమాపతి ఎదురు ప్రశ్న వేశాడు.

"ఇద్దరి లాప్‌టాప్‌లూ సిద్ధం చేసింది నువ్వే కదూ?"

నవ్వు ఆగింది. ఫోన్ తెగింది. చీఫ్‌కి రెండే మాటలు పంపాడు: 'సింధు. హోటల్.'

బయట సందులో కారు మెల్లగా వస్తున్న చప్పుడు. ఆగింది. ఇంజన్ మాత్రం ఆగలేదు.

"ఏటి బాబూ అది?" కూర్మమ్మ గుసగుసగా అడిగింది. "నువ్వు తోసేత్తన్నావు, అది మల్లీ వచ్చి కూకుంతన్నాది."

"తీసినచోటే మళ్ళీ పెడుతోందమ్మా."

"ఎట్టదేటి మరి? సీటు కాళీ సేసి సూత్తా నిల్సుంటే ఎవుడైనా కూకుంతాడు. మా బస్సులో ఐతే దిగీవోడు లెగిసీసరికే కిటికీలోంచి తువ్వాలు ఎట్టీయాల. తువ్వాల్లో మనిసుండక్కర్నేదురా నాయినా!"

ఉమాపతికి అప్పుడు తట్టింది. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఉండలేవు.

డెస్క్‌టాప్ మీద ఒక ఖాళీ ఫైల్ చేశాడు. ఫోల్డర్ కాదు, ఉత్త ఫైల్. పేరు 'కాల్‌డేటా.' చివర్న టెక్స్ట్ అనే తోక కోసేశాడు. ఎవరూ మార్చకుండా రీడ్ ఓన్లీ పెట్టాడు. కాపీ చేశాడు. ఫోల్డర్‌ని డిలీట్ కొట్టి పేస్ట్ నొక్కాడు. ఆలస్యం. ఫోల్డరే ముందు కూర్చుంది.

బయట కారు తలుపు తెరుచుకుంది.

"నాను సూసినాను బాబూ," జగ్గమ్మ గొంతు వణకలేదు. "ఓడ పేరు కూడా సెప్తాను, రాసుకోండి."

పదకొండూ ఇరవై తొమ్మిది నిమిషాల యాభై ఐదు సెకన్లు. డిలీట్. పేస్ట్.

తెర మూలలో చిన్న అక్షరాలు మెరిశాయి: 'ఫోల్డర్ పెట్టడం కుదరలేదు.' ఇంకోసారి. ఇంకోసారి. పదకొండున్నర దాటింది. పంపడానికి ఏమీ లేదు, ముఠాకి అడ్రస్ అందలేదు. సాక్ష్యం మాత్రం సాగుతూనే ఉంది.

బయట ఎవరిదో తిట్టు వినిపించింది. కారు తలుపు మూసుకుంది. చప్పుడు దూరమైంది. పావు తక్కువ పన్నెండుకి జగ్గమ్మ ఓడ పేరు, ఏడుగురి పేర్లు చెప్పి లేచింది. పన్నెండుకి రోడ్డు మలుపులో కారు దొరికింది. హోటల్ లిఫ్ట్‌లో సింధు దొరికింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "రిపోర్టులో ఆయుధం పేరు రాయాలి. ఏం వాడావు?"

"ఖాళీ ఫైల్ సార్. సున్నా కేబీ."

"లోపల ఏమీ లేనిది ఊరికే కూర్చుంటే చాలా? ఇంకెవరూ ఆ చోటికి రాలేరా?"

"మన హెడ్డాఫీసులో రోజూ చూస్తూనే ఉన్నాం కదా సార్."