ఎదురింటి నేల

కొత్త ఇంట్లో చేరే ముందు దాన్ని కడుక్కోవాలని ఏ బిల్డరూ చెప్పడు. "రెడీ టు మూవ్" అని నవ్వుతూ తాళంచెవి చేతిలో పెడతాడు. తలుపు తీస్తే నేల నిండా సిమెంటు మరకలు, స్విచ్చుల మీద పెయింటు చుక్కలు, బాత్‌రూమ్‌లో ఏ మేస్త్రీయో మర్చిపోయిన ఒంటి చెప్పు. ఆ చెప్పుతో సహా ఇల్లు మనదే.

పళ్ళ డాక్టరమ్మ ఆ చెప్పును రెండు వేళ్ళతో పట్టుకొచ్చి బయటికి గిరాటేసింది. అది వెళ్ళి ఎదుటి గుమ్మంలో నిలబడ్డ మనిషి కాళ్ళ దగ్గర పడింది. అతను చెప్పును చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"రెండోది కూడా ఇస్తే వేసుకుంటాను," అన్నాడు.

"దొరికితే పంపిస్తాను," అని ఆమె తలుపు వేసుకుంది. సారీ చెప్పాల్సిన చోట అలా అనడం మర్యాద కాదని ఆమెకూ తెలుసు. కానీ ఆ రోజు మర్యాదలకు టైము లేదు.

సొంత సంపాదనతో కొనుక్కున్న ఇల్లది. పెళ్ళి కాకుండా ఆడపిల్ల ఒక్కతీ ఎలా ఉంటుందని నాన్న నెల రోజులు వాదించి, చివరికి ఒక షరతు మీద దిగొచ్చాడు. రేపు పొద్దున వచ్చి చూస్తాడు. ఇల్లు మనుషులుండేలా ఉంటే సరే, లేదంటే ఫ్లాటు అద్దెకిచ్చేసి అమ్మాయి ఇంటికొచ్చేయాలి. అమ్మ సాయం వస్తానంది. పిన్ని పనిమనిషిని పంపిస్తానంది. క్లినిక్‌లో నర్సు కూడా చీపురు పట్టుకుని బయల్దేరబోయింది. నాన్నతో సహా అందరికీ ఒకటే జవాబు: ఒక్కదాన్నే చేసుకుంటాను. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే వంశం వాళ్ళది, తండ్రీ కూతుళ్ళలో ఎవరూ తీసిపోరు.

ఇక ఆమె కడగడం చూడాలి. నేల మీద బాసింపట్టు వేసుకుని, పాత టూత్‌బ్రష్‌లతో టైలుకీ టైలుకీ మధ్య గీతలు తోమింది. ఒక్కొక్క టైలూ నోరు తెరుచుకుని కూర్చున్న పేషెంటన్నట్టు శ్రద్ధగా తోమింది. తల ఎత్తి కిటికీల వంక మాత్రం చూడలేదు. ఆమె వృత్తిలో ఎప్పుడూ కిందికి వంగి చూడటమే.

మధ్యాహ్నానికి హాలంతా కడిగి, మురికినీళ్ళు కారిడార్‌లోకి తోసింది. కాసేపటికి తలుపు చప్పుడైంది. ఎదురింటాయన, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని ఉన్నాడు.

"బ్రోషర్‌లో రివర్ వ్యూ అని వేశారు గానీ, నది హాల్లోకే వస్తుందనుకోలేదండీ."

ఆమె తగ్గలేదు. పొద్దుట్నించీ అతను ఊడ్చి పారేస్తున్న పెయింటు పొట్టు తన గుమ్మంలోనే కుప్ప పడుతోందని చూపించింది. అయినా అంతసేపు ఏం గీకుతున్నారని అడిగితే, కిటికీ అద్దాలన్నాడు. అతనికి కళ్ళద్దాల షాపు ఉందట, అద్దం మీద వేలిముద్ర కనిపిస్తే అన్నం సయించదట. మరి నేల సంగతేమిటని ఆమె అడిగింది.

"నేల మీద నడుస్తాం గానీ, దాంట్లోంచి చూడం కదండీ."

అతనికి ఆమె అక్కడికక్కడే అద్దాలబాబు అని పేరు పెట్టేసింది. అతనూ ఏదో పెట్టే ఉంటాడు, పైకి చెప్పకపోవడం అతని మంచితనం.

ఆ తర్వాత ఇద్దరి తలుపులూ తెరిచే ఉన్నాయి, గాలి కోసమని. గాలి అంత తరచుగా తల తిప్పి చూడదు. మూడు గంటలప్పుడు వాన మొదలైంది. ఆమె కిటికీల్లోంచి అది నూనె కాగితంలోంచి చూసినట్టుంది. అతని కిటికీలో మాత్రం ప్రతి చినుకూ విడివిడిగా జారుతోంది. బకెట్టు పట్టుకుని అతని గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడిపోయిందో ఆమెకు తెలియలేదు. లోపలికొచ్చి చూడమన్నాడు. చాలా పనుందని చెప్పింది. చెప్పి, అక్కడే నిలబడింది. వాన బాగుందనుకుంది. వానొక్కటే కాదని కూడా అనుకుంది, కాకపోతే ఒప్పుకోలేదు.

సాయంత్రం సైటు సూపర్‌వైజరు తలుపులకు నంబరు పలకలు బిగించడానికి వచ్చాడు. గోరుచుట్టు మీద రోకలిపోటు అప్పుడు పడింది. ఆమె తలుపు మీద అతని నంబరు, అతని తలుపు మీద ఆమె నంబరు. తాళంచెవులు తారుమారుగా ఇచ్చిన మహానుభావుడు ఆయనే. ఇళ్ళు కట్టేటప్పుడు ఇద్దరూ మెట్లెక్కి వచ్చి చూశారు, ఇవాళ లిఫ్టులోంచి దిగారు, దాంతో కుడి ఎడమైంది. ఒక్కరికీ అనుమానం రాలేదు. రెండూ ఒకేలా ఉన్నాయి కదండీ అని సూపర్‌వైజరు నవ్వి, లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు.

ఆమె తన అసలు ఇంట్లోకి అడుగుపెట్టింది. కిటికీకి అద్దమే లేదనుకుని తల బయటికి పెట్టబోతే నుదురు అద్దానికి కొట్టుకుంది. నేల చూస్తే సిమెంటు సిమెంటులాగే ఉంది. పైగా మధ్యాహ్నం తను తోసిన మురికినీళ్ళు తన హాల్లోనే మడుగు కట్టాయి.

ఆమె గుమ్మంలో కూలబడింది. చిన్నప్పుడు పన్ను ఊడినా ఏడవని మనిషి, అప్పుడు కళ్ళు తుడుచుకుంది. నాన్న షరతు సంగతి మొత్తం అద్దాలబాబుకి చెప్పేసింది. అతను విని, వెళ్ళి బకెట్టు తెచ్చాడు.

"నాకెవరి సాయమూ అక్కర్లేదు," అంది.

"పొద్దుట్నించీ మీరు కడిగింది నా ఇల్లు. సాయం చేయడం మీకు వచ్చు, చూశాను. తీసుకోవడం ఎంత కష్టమో ఇప్పుడు చూస్తున్నాను."

ఆమె ఒక టూత్‌బ్రష్ అతని చేతికిచ్చింది. అతను తోముతుంటే పక్కనే కూర్చుని తప్పులు పట్టింది. వాళ్ళిద్దరూ అంత హాయిగా పోట్లాడుకున్న సాయంత్రం వాళ్ళ జీవితాల్లో అంతకు ముందు లేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మానాన్నలు వచ్చారు. నాన్న ఫ్యాను రెక్క మీద వేలు పెట్టి చూశాడు. తలుపు వెనక చూశాడు. వంటింటి గట్టు కింద వంగి చూశాడు. నడుం పట్టుకుని లేచి, "అంతా ఒక్కదానివే చేశావా?" అన్నాడు.

అవునంటే గెలుపు ఆమెదే. అమ్మ వెనక నుంచి తల ఊపి అవుననమని సైగ కూడా చేసింది.

"లేదు నాన్నా. నేను నిన్నంతా ఎదురిల్లు కడిగాను. ఇది సగం పైన ఎదురింటాయన కడిగాడు," అని జరిగింది జరిగినట్టు చెప్పింది. చెప్పి, ఒక్కదాన్నే అన్న మాట తప్పింది కాబట్టి సామాను వెనక్కి కట్టాల్సిందేనని గుండె చిక్కబట్టుకుంది.

నాన్న చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

"నువ్వు చేసుకోలేవని నేనెప్పుడూ భయపడలేదమ్మా," అన్నాడు చివరికి. "ఎవరినీ గుమ్మం తొక్కనివ్వవేమోనని భయపడ్డాను. ఇక ఉండు."

మరి నువ్వు కడిగింది కూడా చూపించమని నాన్న ఎదురింట్లోకి నడిచాడు. నేల చూసి మురిసిపోయాడు, కిటికీలు చూసి మొహం చిట్లించాడు. అద్దాల షాపాయన ఇంట్లో అద్దాలు ఇలా ఉన్నాయేమిటని అడిగాడు. నిన్నంతా మీ అమ్మాయి కిటికీలే తుడిచానండీ అని అతను నిజం చెప్పాడు. నాన్న గుడ్డ తీసి కూతురి చేతిలో పెట్టి, తను అమ్మతో కలిసి వంటగది చూడ్డానికి వెళ్ళాడు.

ఆమె ఒక్కొక్క కిటికీ తుడుచుకుంటూ వస్తోంది. అతను పక్కన నిలబడి మిగిలిపోయిన మరకలు చూపిస్తున్నాడు.

"నా ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. అందులో మార్పు లేదు," అంది, అద్దం వంకే చూస్తూ.

"నేనేం అనలేదండీ."

"అదే మీ తప్పు. నిన్న వాన పడ్డప్పుడే అని ఉండాల్సింది."

అతను మరకలు చూపించడం ఆపాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం," అన్నాడు.

"నాకూ," అంది ఆమె. ఈసారి అతని వంకే చూసి అంది.

వంటగది వైపు నుంచి నాన్న దగ్గు వినిపించింది. కిటికీలు ఇంకా ఎన్ని ఉన్నాయి, మేం ఉండాలా వెళ్ళాలా అని అడిగాడు.

"చాలా ఉన్నాయండీ, సాయంత్రం దాకా పడుతుంది," అన్నాడు అతను.

నిజానికి మిగిలిన కిటికీ అదొక్కటే. ఆమె చెప్పలేదు.