పరీక్షకు ముందు ఏం తిన్నావు

ఉదయం ఏడు కావస్తుండగా రెండో వాయి రొట్టెలు పొయ్యిలోంచి బయటికొచ్చాయి. పెద్దమ్మాయి పొడవాటి చెక్కపారతో ఒక్కొక్కటీ లాగి బల్లమీద వరసగా పేర్చింది. తండ్రి పోయిన దగ్గర్నుంచీ, అంటే ఎనిమిదేళ్ళుగా, ఆ పార ఆమె చేతిలోనే ఉంది. ముందుగది కొట్టు, వెనకగది పొయ్యి, మేడమీద ఇల్లు. మెట్లపైనుంచి తల్లి గొంతు వినిపించింది.

"పిట్టా, నీ గిన్నె పైనే పెట్టాను. మూత తియ్యకు. కింద పిండి లేస్తోంది, నువ్వు దిగకు తల్లీ."

పిట్ట అంటే చెల్లెలు. ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదని చిన్నప్పుడు తండ్రి పెట్టిన పేరు అది. ఎందుకు పట్టదో ఆమెకు పంతొమ్మిదేళ్ళు వచ్చాక తెలిసింది. సీలియాక్ జబ్బు. గోధుమలో ఉండే గ్లూటెన్ పడితే ఆ పిల్ల పేగుల్లోపల పొర దెబ్బతింటుంది. రొట్టెలమ్ముకుని బతికే ఇంట్లో పుట్టిన పిల్లకి రొట్టె విషమైంది.

ఆరోజు నుంచీ తల్లి మరో మనిషైపోయింది. పిట్టకు వేరే గిన్నెలు, వేరే గరిటెలు, వేరే అల్మరా. వాటిని ముట్టుకునేముందు మోచేతులదాకా సబ్బుతో రుద్దుకునేది. పిట్ట కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి వెళ్తుంటే వీధి మలుపుదాకా చూస్తూ నిలబడేది. పోయినేడాది పెద్దమ్మాయికి మూడురోజులు జ్వరం కాసినప్పుడు మాత్రం, మెట్ల కిందినుంచే "మాత్ర వేసుకున్నావా?" అని అడిగి ఊరుకుంది. ఆ మాట పెద్దమ్మాయి మనసులో ముల్లులా ఉండిపోయింది. మూతపెట్టిన ఆ గిన్నెను చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. జబ్బుమనిషి మీద కుళ్ళుకోవడమేమిటని తనను తానే తిట్టుకునేది. మర్నాడు మళ్ళీ మామూలే.

తల్లి కిందికి దిగి వచ్చి, వేడి రొట్టె అంచు తుంచి ఇచ్చింది.

"ఉప్పు సరిపోయిందేమో చూడు."

"నువ్వే చూడమ్మా."

"మూణ్ణెల్లనుంచీ ఇదే వరస. ఒక్క ముక్క నోట్లో పెట్టవు. నీ చేత్తో చేసింది నీకే సయించడం లేదా?"

పెద్దమ్మాయి చెయ్యి తుడుచుకుని, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్లమీద పెట్టింది. ఏడాదిగా నోట్లో పుళ్ళు, కడుపుబ్బరం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువుందని ఎన్ని మాత్రలు మింగినా లెక్క పెరగలేదు. ఒకరోజు చెల్లెలి పాత మందుల చీటీ చూస్తుంటే భయమేసింది. ఇవన్నీ తనకూ ఉన్నాయి కదా. ఆ భయం వెనకే సన్నగా సంతోషంలాంటిది కూడా కదిలింది. దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. గోధుమ మానేసి చూసింది. నెల తిరిగేసరికి పుళ్ళు మానాయి, ఒళ్ళు తేలికపడింది. మూడోనెల చివర్లో ఎవరికీ చెప్పకుండా పరీక్షశాలకు వెళ్ళి, చెల్లెలికి చేసిన రక్తపరీక్షే తనకూ చెయ్యమంది.

తల్లి కాగితం దూరంగా పట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. చదువుతుంటే ఆమె భుజాలు మెల్లగా కిందికి జారాయి.

"లేదని రాశారు కదే."

"అవును."

"మరింకేం? హాయిగా తిను."

"తింటే నాకు బాగుండడం లేదమ్మా. మానేస్తే బాగుంటోంది."

"కాగితం అబద్ధమాడుతుందా? అంతా నీ మనసులో ఉంది." తల్లి కాగితం మడిచింది. "చెల్లెలికి ఉన్నవన్నీ నీకూ కావాలనిపిస్తోంది, అంతే. చిన్నప్పుడు దాని గౌను దగ్గర కూడా ఇంతే చేశావు."

సగం నిజం ఉన్న మాట కాబట్టి పెద్దమ్మాయికి మరీ లోతుగా దిగింది.

"అవును, కుళ్ళే. నువ్వు దాని గిన్నె కడిగినంత శ్రద్ధగా నా మొహం ఏనాడైనా చూశావా? తెల్లారకముందే లేచి పిండి పిసికేది నేను. చేతులు కాలేది నాకు. 'తల్లీ' అన్న మాట మాత్రం పైమెట్టు దగ్గరే ఆగిపోతుంది. నాకు జబ్బు కావాలని ఎవరన్నారు? జబ్బొస్తే తప్ప నువ్వు కనబడవని అనుకున్నాను."

అప్పుడే ఇద్దరూ మెట్లవైపు చూశారు. దుకాణానికి తయారైన పిట్ట, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"అక్కా," అంది పిట్ట. "ఈ పరీక్షకు ముందు ఏం తిన్నావు?"

"ఏం తినడమేమిటి?"

"గోధుమ తిన్నావా?"

"చెప్పాను కదా, మూణ్ణెల్లుగా మానేశాను."

పిట్ట రుమాలు తీసేసింది. "అయితే ఆ కాగితం దేనికీ పనికిరాదు. నాకు పరీక్ష చేసేముందు డాక్టరమ్మ, రొట్టె మానావా అని మూడుసార్లు అడిగింది. పద, ఇవాళ నేను సెలవు పెడతాను."

అదే డాక్టరమ్మ. మేజామీద పాత చీటీలన్నీ పరుచుకుని ఓపిగ్గా విన్నది.

"ఈ పరీక్ష జబ్బును నేరుగా చూడదమ్మా," అంది. "గ్లూటెన్ లోపలికెళ్ళినప్పుడు ఈ జబ్బున్నవాళ్ళ ఒంట్లో దానికి ఎదురుగా కొన్ని పదార్థాలు తయారవుతాయి. రక్తంలో వెతికేది వాటినే. తినడం మానేస్తే అవి తగ్గిపోతూ వస్తాయి. మీదేం పని?"

"రొట్టెలు చేస్తాను."

"అయితే తేలిగ్గా అర్థమవుతుంది. పొయ్యి ఆర్పిన మూణ్ణెల్లకు లోపల చెయ్యి పెట్టి చూసి, ఇక్కడ ఎప్పుడూ మంటే లేదంటే ఒప్పుకుంటారా? మీరు చేసిందదే. ఇంకోటి, కొంతమందికి ఆ రకం పదార్థమే పుట్టుకతో తక్కువుంటుంది. వాళ్ళకు జబ్బున్నా ఈ పరీక్షలో లేదనే వస్తుంది. అది కూడా కొలవాలి, మీకు కొలవలేదు."

"జన్యుపరీక్ష అని ఒకటుందట కదండీ?" అంది పెద్దమ్మాయి.

"ఉంది. అందులో లేదని వస్తే దాదాపు లేనట్టే. ఉందని వస్తే మాత్రం జబ్బున్నట్టు కాదు. ఆ జన్యువున్నవాళ్ళలో చాలామందికి జన్మలో జబ్బు రాదు. తేల్చుకోవాలంటే మీరు మళ్ళీ గోధుమ తినాలి. రోజుకు రెండు రొట్టె ముక్కలు, ఆరువారాలు. బాధపడతారు, ముందే చెబుతున్నాను. తట్టుకోలేకపోతే ఆపి, నాకు కబురు చెయ్యండి. తర్వాత రక్తపరీక్ష, గొట్టం వేసి పేగులోంచి చిన్న ముక్క తీసి చూడడం."

ఆమె కలం పక్కన పెట్టి, నుదురు చిట్లించింది.

"అయినా నాలుగేళ్ళ కిందటే రాసిచ్చాను కదా. అక్కకీ, తల్లికీ కూడా పరీక్ష చేయించమని. రక్తసంబంధీకుల్లో ఇది ఎక్కువ. అప్పుడెందుకు చేయించుకోలేదు?"

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇంటికొచ్చేసరికి తల్లి బల్ల మీది పిండి గీకుతోంది. పెద్దమ్మాయి చెప్పులు కూడా విడవకుండా అడిగింది.

"డాక్టరమ్మ నాకూ పరీక్ష చేయించమని చీటీ రాసిచ్చిందా?"

తల్లి చెయ్యి ఆగిపోయింది.

"రాసిచ్చింది."

"ఏం చేశావు?"

"దాచాను." గీకుడు బిళ్ళ పక్కన పెట్టింది. "పిట్ట ఆస్పత్రిలో ఉంది. మీ నాన్న లేరు. పొయ్యి దగ్గర నువ్వొక్కదానివే. నీకూ ఉందంటే ఈ ఇల్లేం కావాలి? ముందు చిన్నది కోలుకోనీ అనుకున్నాను. తర్వాత వచ్చే నెల అనుకున్నాను. నువ్వు ఏనాడూ బాగాలేదనలేదు. గట్టిదానివి అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది."

"పొద్దున ఆ కాగితం చూసి..."

"సంతోషించాను. నీకు జబ్బు లేదని కాదే. పొయ్యి ఆగదని." తల్లి పిండి అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంది. "నేను తల్లినేనా అని నాకే అనిపిస్తోంది."

పెద్దమ్మాయి ఏడవలేదు. అరవలేదు. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, మర్నాటి పిండికి నీళ్ళు కొలవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పదిరోజులు తల్లితో పనిమాట తప్ప మాట్లాడలేదు.

రొట్టె తినడం మర్నాటినుంచే మొదలైంది. మొదటివారం ఎలాగో గడిచింది. రెండోవారానికి పుళ్ళు తిరగబెట్టాయి. మూడోవారంలో కడుపు పట్టుకుని మెట్లమీదే కూర్చుండిపోయింది. పదకొండోరోజు నుంచి పళ్ళెం తల్లే తెచ్చి ఇచ్చేది. పక్కనే నేలమీద కూర్చునేది.

"ఇవాళ్టికి మానెయ్యవే. చూడలేకపోతున్నాను."

"ఇప్పుడు మానేస్తే మళ్ళీ మొదటికొస్తుందమ్మా."

"అయితే ఒక్కో తునకే తిను. తొందరేం లేదు, కొట్టు మూసొచ్చాను."

కొట్టు మూసి రావడమనేది ఆ ఇంట్లో తండ్రి పోయిన రోజు తప్ప జరగలేదు. పెద్దమ్మాయి నమలడం ఆపి తల్లివైపు చూసింది. కణతల దగ్గర జుట్టు ఎప్పుడింత తెల్లబడిందో తనకు తెలియదు. తనూ ఆమె మొహం సరిగ్గా చూసి చాన్నాళ్ళయిందన్నమాట. ఎన్నాళ్ళుగానో కోరుకున్నది ఎదురుగా కూర్చుంది. కానీ నోట్లో ఉన్న ముద్ద గొంతు దిగడం లేదు. ఇంతలో తల్లి లేచి పిట్ట గిన్నె కడగడానికి వెళ్తే, ఇంత జరిగినా, మనసు చివుక్కుమంది.

ఆ సాయంత్రం పిట్ట వచ్చి మంచం అంచున కూర్చుంది.

"అక్కా, నామీద నీకు కుళ్ళని ఆరోజు విన్నాను."

"ఇప్పుడెందుకా సంగతి?"

"నాకూ నీమీద ఉంది. నాలుగేళ్ళుగా." పిట్ట గోళ్ళు చూసుకుంటూ మాట్లాడింది. "తెల్లారగానే కింద మీరిద్దరూ మాట్లాడుకుంటుంటారు. పిండి పులిసిందా లేదా, మంట సరిపోయిందా అని. అమ్మ నవ్వుతుంది. నాతో ఉన్నప్పుడు అమ్మ ఒక్కసారీ అలా నవ్వదు. నన్ను చూస్తే అమ్మకి భయమే. మూతలూ సబ్బూ తప్ప మా మధ్య వేరే మాటే లేదు. నాన్న పార పట్టుకోవడం నీకు నేర్పారు. నన్నా గుమ్మం కూడా దాటనివ్వరు. పైన గిన్నె పట్టుకుని, కిందినుంచి వచ్చే ఆ వాసన పీలుస్తూ ఎన్నిసార్లు ఏడ్చానో నీకు తెలీదు."

పెద్దమ్మాయి లేచి కూర్చుంది. తల్లి నవ్వుతుందా తనతో? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తర్వాత గుర్తొచ్చింది. అవును, పొయ్యి మంట చూస్తూ, పిండి అంటిన ముంజేత్తో నుదురు తుడుచుకుంటూ నవ్వుతుంది. రోజూ నవ్వుతుంది. రోజూ ఉండేది కాబట్టి లెక్కలోకి రాలేదు.

"మొద్దుమొహం," అంది చివరికి, చెల్లెలి జడ లాగి. "ముందే చెప్పొచ్చుగా."

"నువ్వు చెప్పావా?"

ఇద్దరికీ నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

ఆరువారాల తర్వాత రక్తపరీక్షలో అంకె మామూలు కంటే ఎనిమిది రెట్లుంది. పేగు ముక్క చూసినవాళ్ళూ అదే రాశారు. డాక్టరమ్మ కాగితం చేతిలో పెట్టినప్పుడు, ఒకప్పుడు తను రహస్యంగా కోరుకున్నది ఇదేనని పెద్దమ్మాయికి గుర్తొచ్చింది. గెలిచినట్టనిపించలేదు. ఇక పిండి పిసకకూడదు. ఎనిమిదేళ్ళుగా విసుక్కున్న పని, చేతిలోంచి జారిపోతుంటే తెలిసింది అదెంత ఇష్టమో. తల్లీ పిట్టా వెంట ఉండగానే, ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి కూతురి తల ఒళ్ళోకి లాక్కుని, అరగంటసేపు అలాగే కూర్చుంది.

"పొయ్యి దగ్గరికి మనిషిని పెట్టుకుందాం," అంది తర్వాత. "నువ్వు కొట్టు చూడొద్దు, ఏమీ చూడొద్దు, ముందు కోలుకో. నువ్వు చెప్పేదాకా నిన్ను ఏదీ అడగను."

"పొయ్యి ఆగిపోతే?"

"ఆగనీ. పొయ్యి నన్ను 'అమ్మా' అంటుందా?"

డాక్టరమ్మ తలుపు తీసి బయటికొచ్చింది. "పెద్దావిడా, ఈసారి మిమ్మల్ని వదలను. మీరు రోజూ రొట్టె తింటున్నారా?"

"రెండుపూటలా."

"మంచిది. అయితే పరీక్ష నిజమే చెబుతుంది. రండి."

రక్తం తీసే గదిలో తల్లి కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుంది. చిన్నకూతురికి ఇన్నేళ్ళుగా సూదులు పొడిపించిన మనిషి, తన చెయ్యి చాపడానికి మాత్రం తటపటాయించింది.

"నాకు భయంగా ఉందే," అంది చిన్నగా.

"ఇటు చూడమ్మా, సూదివైపు చూడకు," అంది పెద్దమ్మాయి, ఖాళీగా ఉన్న చెయ్యి పట్టుకుని. అవతలినుంచి పిట్ట వచ్చి తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసింది. తల్లి తల తిప్పి పిట్టవైపు ఒరిగింది.

పెద్దమ్మాయికి ఒక్క క్షణం, ఇటువైపు ఒరిగితే బాగుండుననిపించింది. ఇది ఈ జన్మకు పోయేది కాదు కాబోలు. ఆమె తల్లి వేళ్ళను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. తల్లి అటే ఒరిగి ఉండి, ఈ చేతిని అంతకంటే గట్టిగా పట్టుకుంది.