రిస్తెన్ వెండి బిళ్ళ

ఇది జరిగింది డిసెంబరు చివరనా, జనవరిలోనా అన్నది నేనిప్పుడు గట్టిగా చెప్పలేను. సూర్యుడు రెండు నెలలపాటు ముఖం చూపని ఆ ఉత్తర ధ్రువపు అంచు కొండప్రాంతంలో రోజులు ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి. నా జ్ఞాపకమూ అంతే. నాకు ఆతిథ్యమిచ్చిన యోవ్న తన ఇంటి పొయ్యి పక్కన కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, గుసగుసగా చెప్పిన మాటలివి.

ఆ రోజు మధ్యాహ్నం నాలుగైంది. చీకటి. యోవ్న తన చెల్లెలు రిస్తెన్‌ను మంచుబండి మీద గడ్డకట్టిన సరస్సు మధ్యకి తీసుకొచ్చాడు. ఈస్టరుకి ఆమె పెళ్ళి. ఆకాశంలో ఆడే ఉత్తర కాంతుల కింద ఆమెను నిలబెట్టి ఫోటో తీసి, పెళ్ళికానుకగా ఇవ్వాలని అతని కోరిక. ఇంజను ఆపాక పెట్రోలు వాసన కాసేపు నిలిచి, అదీ చలికి గడ్డకట్టినట్టు పోయింది. అడుగున ఎక్కడో మంచు మూలిగింది.

"కెమెరా కన్ను తెరిచి పాతిక దాకా లెక్కపెడతాను. అంతవరకూ కదలకు."

"పెళ్ళికొడుకు కూడా ఇన్ని ఆంక్షలు పెట్టలేదన్నా."

"వాడికింకా నీ సంగతి తెలీదు."

మొదటి ఫోటోలో వెలుగులు చక్కగా పడ్డాయి. కానీ రిస్తెన్ శాలువాకి గుచ్చుకున్న వెండి బిళ్ళ, ఊపిరికి కదిలి, గుండెల మీద తెల్లటి గీతలా అలుక్కుపోయింది.

"ఆ బిళ్ళ తీసెయ్."

ఆమె జంకింది. "అమ్మమ్మకి తెలిస్తే నిన్ను బతకనివ్వదు. ఉయ్యాల్లో ఉన్నప్పట్నించీ వెండి లేకుండా నన్ను గడప దాటనిచ్చిందా?"

ఉయ్యాలకి వెండి కట్టకపోతే భూమి కింద ఉండేవాళ్ళు బిడ్డను ఎత్తుకుపోయి, అదే పోలికతో తమదాన్ని పెట్టిపోతారని ఆ ఇళ్ళలో అందరికీ తెలుసు. యోవ్నకీ తెలుసు.

"నువ్వు ఉయ్యాల్లో లేవుగా," అన్నాడు.

బిళ్ళ అతని చేతిలో పెట్టి, తన అడుగుజాడల్లోనే అడుగులేస్తూ ఆమె వెళ్ళి నిలబడింది.

లెక్క మొదలైంది. పన్నెండు దగ్గర తడిమట్టి వాసన వచ్చింది... మూరెడు మంచు మీద మట్టి వాసన ఎక్కడిది? పదిహేను. ఆకాశం ఎర్రబడింది. పద్దెనిమిది... ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు. దగ్గరవుతోంది. రిస్తెన్ మాత్రం కదలకుండా నిలబడే ఉంది. ఇరవైనాలుగు... చప్పుడు ఆగిపోయింది.

పాతిక.

"అయిపోయిందా అన్నా?" దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

అతను కెమెరా తెర చూశాడు. అంతసేపు నిలబడిన మనిషి అంచులు ఊపిరికి కాస్తయినా చెదురుతాయి. మొదటి ఫోటోలో చెదిరాయి. ఇందులో రిస్తెన్ రాతిలో చెక్కినట్టుంది. శాలువా కుచ్చులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఆమె వెనక, మంచు మీద, కెమెరా వైపు చాచిన చేతిలా ఒక మసక చార.

"బిళ్ళ... పెట్టుకో."

"నీ దగ్గరే ఉండనీ," అంది, చేతులు వెనక్కి పెట్టుకుని.

యోవ్న మూడు రోజులు ఆ సరస్సంతా వెతికాడు. ఏం వెతుకుతున్నావని అడిగినవాళ్ళకి ఏమని చెబుతాడు, చెల్లెలు ఇంట్లోనే ఉండగా?

అతను గుసగుసగా చెప్పాడన్నాను. ఎందుకన్నది కావాలనే దాచాను. మాకు కాఫీ పోసింది రిస్తెనే. నేను బయల్దేరితే యోవ్నతో పాటు గుమ్మం బయటిదాకా సాగనంపింది కూడా. పెళ్ళికి ఇంకా ఆరు వారాలుంది. ఆ చలిలో నా మాటలూ, యోవ్న మాటలూ తెల్లటి ఆవిరై తేలాయి.

"పెళ్ళికి తప్పకుండా రండి," అంది నవ్వుతూ.

ఆమె పెదాల ముందు గాలి తేటగానే ఉంది.