నేపథ్యం ఆగిన మధ్యాహ్నం

పాలు పొంగబోతుండగా వంటింటి గోడలో సన్నగా వేణువు మోగింది. హంసవేణి గిన్నెవైపు చూడకుండానే పొయ్యి తగ్గించింది. కాకినాడలో ఆమె తరంవాళ్లెవరూ చూసేవారు కాదు.

ఇంట్లో సినిమా చూపే యంత్రాన్నీ, సంగీతం వినే మేలురకం స్టీరియోనూ ఒకే పెట్టెలో కలపడంతో ఇదంతా మొదలైంది. ఆ పెట్టె పేరు రససంధాయిని. సినిమా భాగం తొమ్మిది వైపులనుంచి శబ్దంతో గదిని చుట్టేస్తుంది. సంగీత భాగం రెండు టేకు స్పీకర్లలో స్వరాన్ని స్వచ్ఛంగా పలికిస్తుంది. తెరమీది కథకు నేపథ్య సంగీతం కట్టే యంత్రం ఇంట్లోవాళ్లకు మాత్రం ఎందుకు కట్టకూడదని తరవాత ఎవరికో తోచింది. నేలలో అమర్చిన నాడీగ్రాహకాలు మనుషుల గుండె లయను పట్టాయి. కోపం పుడితే డోలు మొదలయ్యేది. అది పెరిగితే ఎదుటివారు తప్పుకునేవారు. కోపించినవాడు తన కోపాన్ని తానే విని సర్దుకునేవాడు. కొట్లాటలు తగ్గాయి. ముఖాలు చూసే అలవాటూ పోయింది.

సినిమా భాగాన్ని ఆపే మీట పెట్టె పక్కనే ఉండేది. దాన్ని దించినవాళ్లు మనసు దాస్తున్నారని లోకం నమ్మేది.

ఆ మధ్యాహ్నం హంసవేణి మీట దించింది. చనిపోయిన తన గురువు వయొలిన్‌ను, ఏ డోలూ కలవకుండా, ఒక్కసారి చివరిదాకా వినాలనుకుంది. అప్పుడే వచ్చిన భర్త త్రివిక్రమ్‌కు ఇల్లు మూగదానిలా తోచింది. ఎవరిని దాస్తున్నావని అడిగాడు. గురువుగారిని వింటున్నానని ఆమె చెప్పింది. ఆ జవాబు అతనికి ఎగతాళిగా తగిలింది.

గడప దగ్గర అతని తల్లి విశాలాక్షి రోట్లో గోంగూర నూరుతోంది. ఆమెకు చిన్ననాటినుంచీ చెవుడు. రససంధాయిని ఆమెకు ఎన్నడూ ఏమీ చెప్పలేదు కనుక ఆమె ఇంకా ముఖాలే చదివేది. కొడుకు ఆమె చేతిలోని పచ్చడిబండ లాక్కున్నప్పుడు అతని ముఖం చూసింది.

"వేణీ, లేవే! వాడి మొహం చూడు!"

హంసవేణి తల తిప్పింది. పైకెత్తిన బండ కనిపించింది. వయొలిన్ మాత్రం మెత్తగా సాగుతోంది; డోలు లేదు. ఆమె చెయ్యయినా అడ్డం పెట్టలేదు.

"ఈ కీర్తన అయిపోనివ్వండి," అంది.

మొదటి దెబ్బ కణతమీద పడింది. రెండోది దవడను విరిచింది. ఆమె నేలకు ఒరిగాక కూడా అతను కొడుతూనే ఉన్నాడు. చాలని చెప్పే ధ్వని ఏదీ రాలేదు. కాళ్లకు అడ్డుపడిన తల్లిని విదిలించి మళ్లీ కొట్టాడు. కీర్తన ముగిశాకే ఆగాడు.

బండ చేతిలోంచి జారింది. మోచేతులదాకా రక్తం. అతను నేలమీద చతికిలబడ్డాడు.

"అమ్మా, నాకేం తెలీడం లేదే. ఏడుపైనా రావట్లేదు. ఆ మీటొకసారి వెయ్యి."

విశాలాక్షి అతని పెదవులు చదివింది. కోడలి పక్కన పడివున్న బండను తీసుకుంది. రెండో చేత్తో మీట వేసింది.

తొమ్మిది వైపులా డోలు విరుచుకుపడింది. త్రివిక్రమ్ తన మణికట్టు పట్టి చూసుకున్నాడు. నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఆ డోలు తనది కాదు. గదిలో ప్రాణంతో ఉన్నది మరొక్కరే.

అప్పుడతను తల్లి ముఖంలోకి చూశాడు. వీపు గోడకు తగిలేదాకా వెనక్కి జరిగాడు. డోలు పెరుగుతూనే ఉంది.

అది ఆమెకు వినపడదు.