జాకెట్టు గుడ్డ

"నా జాకెట్టుకి గుడ్డ కావాలండీ," అన్నాడతను.

శివపార్వతి తలెత్తి చూసింది. రోహిణీ కార్తె, మిట్టమధ్యాహ్నం. బెజవాడ బజార్లో కాకి కూడా నీడ వదిలి రావడం లేదు. అలాంటి ఎండలో నల్లటి తోలుకోటు బిగించి, నెత్తిన ఫెల్టు టోపీ పెట్టి, చెమటలు కక్కుకుంటూ నిలబడ్డాడు మహానుభావుడు. నాన్న పాండురంగయ్య వెనక ఇంట్లో భోంచేస్తుంటే బట్టల కొట్లో కూర్చున్న పిల్లకి అసలే చిరాగ్గా ఉంది.

"ఎవరికండీ?"

"చెప్పాను కదండీ, నాకే."

"మీకా? జాకెట్టా?"

"అవునండీ. చంకల దగ్గర చిరిగింది."

"మీ ఊళ్ళో మగాళ్ళు చీరలు కూడా కడతారాండీ?"

అప్పటికి వెలిగింది అతనికి. గబగబా కోటు గుండీలు విప్పి లోపలి చిరుగు చూపించాడు.

"అయ్యో, ఆ జాకెట్టు కాదండీ! లెదర్ జాకెట్. లోపలి లైనింగు పోయింది. ఇది మామూలుది కాదండీ, విమానం నడిపిన తెల్లదొరది. యుద్ధం అయిపోయాక మద్రాసులో వేలం వేస్తే కొన్నాను."

"ఆ దొర ఆకాశంలో చలేసి తొడుక్కున్నాడు. మరి మీకు ఇక్కడ చలేస్తోందా?"

"ఫ్యాషనండీ."

"ఫ్యాషనా? పాపం, జ్వరమేమో అనుకున్నాను."

అతను కోపం తెచ్చుకోవాలి కదా! పైగా నవ్వాడు. గుడ్డ చంకలో పెట్టుకుని, టోపీ ఎత్తి "గుడ్ ఆఫ్టర్నూన్" అన్నాడు. జుట్టంతా తడిసి నుదుటికి అతుక్కుపోయి ఉంది. కళ్ళు మాత్రం బాగున్నాయనిపించింది శివపార్వతికి. కళ్ళు బాగున్నంత మాత్రాన బుర్ర బాగున్నట్టు కాదుగా అని వెంటనే సర్ది చెప్పుకుంది.

పేరు చౌడయ్య. మగ్గం నేసే వెంకటప్పయ్యగారి కొడుకు, చల్లపల్లిలో ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. అక్కడ గుడ్డ దొరకనట్టు ప్రతి వారం బస్సెక్కి బెజవాడ వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఓ కొత్త వేషం. ఓ వారం ఒక పక్క అంచు పైకి మడిచిన ఆస్ట్రేలియా సిపాయి టోపీ. మరో వారం ఎవరో పాత కలెక్టరు వదిలేసి పోయిన సోలా టోపీ, బోర్లించిన గిన్నెలా ఉండేది. వాటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం మొదలుపెట్టాడంటే ఆపడం ఎవరి తరమూ కాదు.

"ఇంట్లో ఇంకెన్ని ఉన్నాయండీ?" అని అడిగిందోసారి.

"ఇంటి నిండా అవేనండీ."

"అన్నెందుకండీ? ఉన్నది ఒక్క తలేగా. అదీ ఖాళీయే."

దానికీ నవ్వాడు. అదే ఆమె ఒళ్ళు మండించేది. ఎంత అన్నా నవ్వేవాణ్ణి ఏం చేసుకోవాలి? ఒక వారం అతను రాలేదు. ఆ రోజంతా వీధిలోకే చూస్తూ కూర్చుని, రెండు బేరాలు పోగొట్టి, నాన్న చేత చీవాట్లు తింది.

అతను రాకపోయినా ఆ వారమే సంబంధం మాట వచ్చింది. వెంకటప్పయ్యగారు కబురు పంపారు. మనవాళ్ళే, పిల్లాడికి ఏ దురలవాటూ లేదు. పాండురంగయ్య మొగ్గు చూపాడు.

"ఆ టోపీలవాడా?" అని మూతి తిప్పింది శివపార్వతి. వద్దని మాత్రం అనలేదు.

మేనత్త సంపూర్ణమ్మ వాకబు చేసొస్తానని చల్లపల్లి వెళ్ళింది. సాయంత్రానికి గుండెలు బాదుకుంటూ తిరిగొచ్చింది.

"కొంప మునిగేది తమ్ముడూ! ఆ పిల్లాడు ఊరు ఊరంతటికీ టోపీ పెట్టాట్ట! బస్సు దిగి అడగ్గానే కిళ్ళీకొట్టువాడే చెప్పాడు. మునసబుని కూడా వదల్లేదట. ఇంకెవర్నీ అడక్కుండా తిరుగుబస్సెక్కేశాను."

"జనాన్ని ముంచేవాడికా నా పిల్లని ఇచ్చేది?" అని పాండురంగయ్య మర్నాడే వద్దని కబురు పంపేశాడు.

"పీడా విరగడైంది," అంది శివపార్వతి గట్టిగా, అందరికీ వినబడేలా. ఆ తర్వాత చీరల బేళ్ళ వెనక్కి వెళ్ళి వెక్కివెక్కి ఏడ్చింది. అంత మోసగాడి కోసం ఏడుస్తున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా ఏడుపు ఆగలేదు.

మూడో నాడు తొలకరి పడింది. ఆ వానలోనే వచ్చాడు చౌడయ్య, ఉత్త తలతో తడిసి ముద్దయి. టోపీని తోలుకోటు లోపల పసిపిల్లని దాచినట్టు దాచుకున్నాడు. తల తడిస్తే ఫరవాలేదు గాని టోపీ తడవకూడదు కాబోలు! తలుపు చాటునుంచి చూసిన శివపార్వతికి తిట్టాలనిపించింది.

"ఎందుకు వద్దన్నారో చెప్పండి, వెళ్ళిపోతాను. మళ్ళీ ఈ గడప తొక్కను," అన్నాడు. అతని ముఖాన నవ్వు లేకపోవడం ఆమె మొదటిసారి చూసింది.

"చల్లపల్లిలో అందరికీ టోపీ పెట్టావటగా?" అన్నాడు పాండురంగయ్య.

చౌడయ్య ముఖం వెలిగిపోయింది. "మీ దాకా వచ్చిందాండీ?"

"సిగ్గులేదటయ్యా?"

"మొదట్లో కాస్త సిగ్గుపడేవాళ్ళండీ. ఇప్పుడు వాళ్ళే వచ్చి పెట్టించుకుంటున్నారు. మునసబుగారైతే రెండోసారి భార్యని కూడా తీసుకొచ్చారు."

"కన్నతండ్రినైనా వదిలావా?"

"మొట్టమొదట ఆయనకేనండీ! మీరు సరేనంటే మీక్కూడా..."

పాండురంగయ్య చెయ్యి గజంబద్ద మీదికి పోయింది. శివపార్వతి తలుపు తోసుకుని పరుగున వచ్చింది.

"ఆగు నాన్నా! ఏవండీ, ఆ టోపీలు ఎక్కడ పెట్టారు?"

"నెత్తినండీ. టోపీ ఇంకెక్కడ పెడతారు? ఫోటో తీసేటప్పుడు ఈ జాకెట్టు తొడిగి, టోపీ పెట్టి కూర్చోబెడతాను. అందరికీ దొరల్లా కనబడాలని సరదా కదండీ!"

గజంబద్ద గల్లాపెట్టె మీదికి దిగింది. అంతదాకా తలుపు దగ్గర నిలబడి వింటున్న సంపూర్ణమ్మ ఉన్నట్టుండి పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లోపలికి తప్పుకుంది.

పాండురంగయ్య గొంతు సవరించుకున్నాడు. "తప్పు మాదే అబ్బాయ్. కానీ మా అమ్మాయి నిన్ను చూసినప్పుడల్లా నానామాటలూ అంటోంది. ఇష్టంలేని పిల్లని కట్టబెట్టలేను." కూతురివైపు తిరిగాడు. "వద్దంటే ఇప్పుడే చెప్పెయ్యమ్మా. ఇతన్ని మళ్ళీ మళ్ళీ తిప్పుకోవడం మర్యాద కాదు."

చౌడయ్య తల దించుకున్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇన్నాళ్ళూ నాలుకకి నరమే లేనట్టు మాట్లాడిన పిల్లకి ఇప్పుడు ఒక్క మాట రావడం గగనమైపోయింది. ఊరుకుంటే మాత్రం ఈ మనిషి వానలో పడి వెళ్ళిపోతాడు, ఇక రాడు.

"మన కొట్టుకి ఇంతమంది వస్తారు. ఇంకెవర్నైనా ఇంత శ్రద్ధగా తిట్టానా నాన్నా?"

పాండురంగయ్య ఒక్క క్షణం తెల్లబోయి, పకపకా నవ్వేశాడు.

చౌడయ్య సంబరం పట్టలేక రెండు చేతులూ జోడించాడు. "మీకు నచ్చకపోతే ఈ జాకెట్లూ, టోపీలూ అన్నీ మానేస్తానండీ! ఇవాళే అమ్మేస్తాను!"

శివపార్వతి కళ్ళు తుడుచుకుని గుడ్లురిమింది.

"అమ్మేసి చూడండి, మీ పని చెబుతాను! పెళ్ళయ్యాక నేను దేన్ని చూసి తిట్టుకుంటూ కాపరం చెయ్యాలి?"