వెళ్లి... అన్న గోడ

రైలు వంతెన కింద దారికి చెడ్డపేరు ఊరికే రాలేదు. అక్కడి గోడ మనుషుల్ని పొమ్మంటుందట! పొడిగా ఉన్నప్పుడు చూస్తే మామూలు ఇటుక గోడే. వాన రాత్రి బండి లైటు పడిందా — తడి ఇటుకల మీద పాలిపోయిన అక్షరాలు లేస్తాయి... "వెళ్లి".

ఆ తర్వాత ఏముందో ఎవరూ చదవలేదు. చదివేదాకా నిలబడితే కదా! "వెళ్లిపో అంటోందిరోయ్" అని వాళ్లే పూర్తి చేసుకుని, చెప్పులు చేతబట్టుకుని పరుగో పరుగు.

గోడల మీద రాతలు తుడిచే పనివాళ్లకి 'దెయ్యం' అన్నది రోజూ వాడే మాట. రంగంతా కడిగేశాక కూడా ఇటుకలో లీలగా మిగిలే మరకని వాళ్లు దెయ్యం అంటారు. "దెయ్యం పోయిందా?" అని ఒకడు, "ఇంకాస్త ఉంది, రుద్దు" అని ఇంకొకడు. అలా అనుకుంటూ ఆ వంతెన కిందికి వెళ్లిన ఇద్దరు, కళ్లముందే "వెళ్లి" లేచేసరికి పైపు అక్కడే పడేసి ఉడాయించారు.

చివరికి మేస్త్రీ, ఆ పనివాళ్లలోనే ఒకడైన పెద్దోణ్ని పిలిచాడు.

"ఈ రాత్రికి తుడిచెయ్యి. లేదంటే రేపు ఇసుక చిమ్మే మిషన్ పెట్టి గోడే చెక్కించేస్తా." తల గోక్కున్నాడు. "నీకు కష్టమైతే వద్దులే..."

"వెళ్తాలెండి," అన్నాడు పెద్దోడు.

మేస్త్రీ ఎందుకు నసిగాడో అందరికీ తెలుసు. కిందటి వానాకాలం పెద్దోడి తమ్ముణ్ని లారీ కొట్టేసింది ఆ వంతెన కిందే.

తమ్ముణ్ని ఇంట్లో చిన్నోడనేవారు. రంగు డబ్బాలతో గోడల మీద బొమ్మలేసే పిచ్చి వాడికి. "నేను వెయ్యకపోతే నీకు పనెక్కడిదన్నా!" అని అన్నని ఆటపట్టించేవాడు. ఒకరోజు ఆ వంతెన కింద వాడేసిన పెద్ద బొమ్మని తుడవమని పెద్దోడికే పురమాయించారు. తుడిచేశాడు, దెయ్యం కూడా మిగలకుండా.

ఆ సాయంత్రం ఇంట్లో మాటామాటా పెరిగింది. చిన్నోడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "వెళ్తున్నా" అన్నాడు.

వెళ్లొస్తా అనలేదు. ఎంత కోపమొచ్చినా ఆ ఇంట్లో ఎవరూ ఉత్త 'వెళ్తున్నా' అని గడప దాటరు. పెద్దోడికి చురుక్కుమంది. అయినా పంతానికి పోయి "వెళ్లిరా" అనలేదు. ఆ రాత్రే లారీ కొట్టింది. వాడు మళ్లీ రాలేదు.

అప్పట్నుంచి పెద్దోడు ఏడవలేదు. పలకరిస్తే పలుకుతాడు, పెడితే తింటాడు. ఉప్పో కారమో కూడా తెలియదు. లోపలంతా మొద్దుబారిపోయింది. 'వాడు అలిగే పోయాడు' అన్న ఒక్క మాట మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఆ రాత్రి నీళ్ల ట్యాంకరు నడిపింది అందరూ ట్యాంకరక్క అని పిలిచే ఆవిడ.

"నేను బండి దిగను, ఇంజనూ ఆపను. కెవ్వుమంటే చాలు తమ్ముడూ, రివర్సే!"

"సరే అక్కా."

వంతెన అతుకులోంచి నీళ్లు కారి, గోడ ఎడమ పక్క అప్పటికే చెమ్మగా ఉంది. రంగు కరిగించే వేడినీళ్లకి ముందు, దుమ్ము పోవడానికి పెద్దోడు చన్నీళ్లు వదిలాడు. బండి లైట్ల వెలుగులో ఇటుకలు నల్లబడ్డాయి... నల్లబడ్డాయి...

వె... ళ్లి...

"లేచింది!" అంది ట్యాంకరక్క. "తమ్ముడూ... వచ్చెయ్..." గట్టిగా కళ్లు మూసుకుంది.

పెద్దోడు కదల్లేదు. భయపడాలన్నా లోపల ఏదో ఒకటి మిగలాలి కదా. దగ్గరికెళ్లి అక్షరాన్ని గోటితో గీకాడు. గోట్లోకి జిడ్డుగా ఏదో వచ్చింది.

మైనం.

మైనం రుద్దిన చోట ఇటుక నీళ్లు తాగదు. చుట్టూ తడిసి నల్లబడితే అక్షరం మాత్రం పొడిగా, తెల్లగా ఉండిపోతుంది. గోడ ఆరితే మాయం. అంతే — దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు.

కానీ... రంగెయ్యకముందు మైనం కడ్డీతో గీతలు గీసుకునే అలవాటు చిన్నోడిది. ఆస్పత్రివాళ్లు సంచీలో పెట్టిచ్చిన వాడి సామానులో, అరిగిపోయిన మైనం ముక్క కూడా ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం ఈ గోడని తనే నున్నగా కడిగాడు. అంటే ఇది రాసింది ఆ తర్వాతే... ఇంట్లోంచి వెళ్లిపోయిన రాత్రే.

వెళ్లి... ఆ తర్వాత? వెళ్లిపోతున్నా అనా?

పైపు కట్టేయొచ్చు. చదవకుండానే ఇంటికి పోవచ్చు. పెద్దోడి గుండె ఎన్నాళ్లకో దడదడలాడింది. మెల్లగా... పైపుని కుడివైపుకి తిప్పాడు.

వ... స్తా...

ఇంకాస్త.

"వెళ్లి వస్తా అన్నా".

అలాగే నిలబడిపోయాడు. బూట్లలోకి నీళ్లు దిగాయి. అవి చల్లగా ఉన్నాయని తెలిసింది.

"వెళ్లిరా," అన్నాడు గోడతో.

చెయ్యి వేడినీళ్ల మీట మీదికి వెళ్లింది. వేడి తగిలితే మైనం కరిగి కారిపోతుంది... చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తెల్లారేసరికి గోడ ఆరింది. మేస్త్రీ అటూ ఇటూ తిరిగి చూసి, "భేష్!" అన్నాడు.

"పైన అతుకు కారుతోంది. అది పూడ్పించండి," అన్నాడు పెద్దోడు. "ఇంకెవరికీ కనపడదు."

తిరుగుదారిలో ట్యాంకరక్క ఉండబట్టలేకపోయింది. "నిజం చెప్పు తమ్ముడూ... దెయ్యం వెళ్లిపోయిందా?"



"వెళ్లొస్తానంది అక్కా."