స్వెట్టరు భుజాల మీద కొమ్ములు

వేళ్లు బయటికి రాలేదు.

అక్క అద్దం ముందు నిలబడి చేతులు ఎంత చాపినా, స్వెట్టరు చేతులు ఇంకా కిందికి వేలాడుతున్నాయి. నడుము దగ్గర ఆగాల్సిన అంచు మోకాళ్ల దగ్గరికి వచ్చింది.

పోయిన చలికాలం అమ్మ బేకరీ పనికి వెళ్తూ వస్తూ బస్సులో అల్లిన నీలం స్వెట్టరు అది.

"ఎవరో సాగదీశారు," అంది అక్క, అద్దంలో తనని చూసుకుంటూ.

ఇంట్లో ఉండేదే నలుగురు. అమ్మ తెల్లవారకముందే పనికి పోయింది. నాన్నకి ఇందులో ఒక చెయ్యి కూడా పట్టదు. ఇక మిగిలింది తమ్ముడు.

తమ్ముణ్ని ఇంట్లో అందరూ బుడంకాయ అంటారు. స్వెట్టరు దొరికితే చాలు, వాడు మోకాళ్లు అందులోకి ముడుచుకుని గుడ్డులా నేల మీద దొర్లుతాడు. దానికి గుడ్డాట అని పేరు కూడా పెట్టుకున్నాడు.

వాడు వంటింట్లో బ్రెడ్డు తింటున్నాడు. అక్క వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"నిన్న నేను స్నానానికి వెళ్లినప్పుడు నువ్వెక్కడున్నావు?"

వాడు నమలడం ఆపాడు. "ఏమో."

"ఏమో అంటే గుడ్డాట ఆడావన్నమాట."

"లేదక్కా. దాన్ని నేను ముట్టుకోలేదు."

"దాన్ని అంటున్నావే. దేని గురించో నేను చెప్పనే లేదుగా?"

"నువ్వు తొడుక్కునే ఉన్నావుగా," అన్నాడు బుడంకాయ.

గుమ్మం దగ్గర నాన్న సైకిలు చైను బాగుచేస్తూ తలెత్తాడు. "ఏంటి పోలీసమ్మా, పొద్దున్నే కేసా?"

"చూడు నాన్నా. మొన్న దీని మీద పాలు ఒలికితే నేనే ఉతుక్కున్నాను, అమ్మకి పని తగ్గుతుందని. నిన్న ఆరాక తీసి బీరువాలో పెట్టాను. ఇవాళ చూస్తే ఇలా ఉంది."

నాన్న స్వెట్టరు వంకా, బుడంకాయ వంకా చూశాడు. "నిజం చెప్పరా. నేనేమీ అనను."

"నేను కాదు."

"అలాగైతే సాయంత్రం రైలు స్టేషనుకి వెళ్లడం లేదు. నిజం చెప్పినప్పుడే రైళ్లు."

కొత్త ఇంజను వస్తుందని బుడంకాయ వారమంతా ఎదురు చూశాడు. లేవగానే బూట్లు కూడా తొడిగేసుకున్నాడు. ఇప్పుడు ఏడవలేదు. వాటిని విప్పి, గోడ పక్కన జతగా పెట్టి లోపలికి పోయాడు.

ఏడవకపోవడం అక్కకి ఇంకా అనుమానంగా తోచింది. వీడు ఏదో చేస్తాడు, చూడాలి అనుకుంది. స్వెట్టరు తీసి బీరువాలో పెట్టి, తలుపు వెనక నక్కింది.

కాసేపటికి బుడంకాయ పిల్లిలా వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. బీరువా తెరిచి స్వెట్టరు లాగాడు.

దొరికావురా, అనుకుంది అక్క.

కానీ వాడు తొడుక్కోలేదు. నేల మీద పరిచి, పైనుంచీ కిందనుంచీ అరచేతులతో లోపలికి నెడుతున్నాడు. "పొట్టిగా అయిపో," అని దాన్ని బతిమాలుతున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

వాడు ఉలిక్కిపడ్డాడు. "చిన్నది చేస్తున్నా. చిన్నదైపోతే నాన్న తీసుకెళ్తాడుగా. అక్కా, దీనికి కొమ్ములెందుకున్నాయి?"

"కొమ్ములేంటి?"

నిజమే. రెండు భుజాల మీదా ఉన్ని పైకి లేచి రెండు మొనలు తేలాయి.

గుడ్డాట ఆడితే మోకాళ్ల చోట ఉబ్బాలి. అక్క ముందువైపు తడిమి చూసింది. అక్కడ ఏ ఉబ్బూ లేదు. మరి భుజాలు పట్టుకుని ఎవరు లాగారు?

లేచి బాల్కనీలోకి వెళ్లింది. దండెం మీంచి ఒక క్లిప్పు తీసుకొచ్చి, కొమ్ముకి పెట్టి చూసింది. సరిగ్గా పట్టింది. రెండోదానికీ పట్టింది.

మొన్న స్వెట్టరు పిండకుండానే దండేనికి తగిలించింది తనే. ధారగా నీళ్లు కారుతుంటే, ఎంత బాగా ఉతికానో అని మురిసిపోయింది కూడా. ఆ నీళ్ల బరువంతా రెండు క్లిప్పుల మీద వేలాడింది. నిన్న ఆరాక విప్పి చూడకుండానే మడిచేసింది.

అక్క చెవులు వేడెక్కాయి. క్లిప్పును మళ్లీ దండేనికి పెట్టేస్తే ఎవరికీ తెలియదు.

"దొరికాడా దొంగ?" అడిగాడు బుడంకాయ.

"దొరికాడు," అంది అక్క. కానీ ఆ మాట చాలా చిన్నగా వచ్చింది.

స్వెట్టరు, క్లిప్పు పట్టుకుని నాన్న దగ్గరికి వెళ్లింది. "నాన్నా, సాగదీసింది నేనే. తడి స్వెట్టరును ఇలా తగిలించాను. వాడు ముట్టుకోలేదు." తర్వాత గోడ పక్కనున్న బూట్లు తెచ్చి, తమ్ముడి ముందు కూర్చుని లేసులు కట్టబోయింది. బుడంకాయ కాళ్లు ఊపుతూనే ఉన్నాడు, ముడి పడనివ్వలేదు.

సాయంత్రం నాన్న, బుడంకాయ స్టేషనుకి వెళ్లాక, అమ్మ గోరువెచ్చని నీళ్లలో స్వెట్టరు ముంచి తీసింది. పిండలేదు. తువ్వాలులో చుట్టి అదిమింది. ఇంకో పొడి తువ్వాలు మీద పరిచి, అక్క చేత అంచులు లోపలికి నెట్టించింది.

"మళ్లీ అంతే అవుతుందా అమ్మా?"

"కొంత తగ్గుతుంది. కొంచెం పొడుగ్గానే ఉంటుందేమో. నువ్వూ పొడుగవుతావులే."

మర్నాడు పొద్దున అక్క లేచి చూసేసరికి, పరిచిన స్వెట్టరు నడుమ పెద్ద గుంట. ఎవరో కూర్చున్నట్టే ఉంది.

"బుడం..." అని నోరు తెరిచి, ఆగింది. చుట్టూ చూసింది. రాత్రి తొందరలో తను ఎక్కడో పడేసిన స్కూలు బ్యాగు తువ్వాలు పక్కనే దొర్లి ఉంది. దాని అడుగు తాకి చూసింది. తడిగా ఉంది.

బ్యాగును దూరంగా జరిపి, గుంటను అరచేత్తో నెమ్మదిగా సరిచేసింది.

"పిలిచావా అక్కా?" బుడంకాయ కళ్లు నులుముకుంటూ వచ్చాడు.

"ఊఁ. కొత్త ఇంజను ఏ రంగులో ఉంది? మొదట్నించీ చెప్పు."